వచ్చినంత తేలిగ్గా వెళ్ళని చిరునామా



చేతిలో ఫోను ఉంటే, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీరు వాడుతున్న వైఫై పేరు మీద నొక్కి చూడండి. కాస్త కిందికి జరిపితే ఐపీ అడ్రస్ అనీ, దాని పక్కన చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలూ కనిపిస్తాయి. చాలా ఇళ్ళలో అది 192.168తో మొదలవుతుంది. దాని కిందే అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగలిసిన పొడవాటి చిరునామాలు ఇంకో రెండు మూడు ఉండవచ్చు. ఈ క్షణానికి మీ ఫోను చిరునామాలు ఇవే. ఇంట్లోంచి బయటికొచ్చి వీధి మలుపు తిరిగేసరికి వీటిలో ఒక్కటీ మిగలదు. మొబైల్ కంపెనీ ఇచ్చిన వేరే చిరునామాలతో ఫోను పని చేస్తూ ఉంటుంది.

ఈ చిరునామా ఎవరిచ్చారని అడిగితే, రూటరు ఇచ్చిందని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. రూటరు ఫలానా సంఖ్య వాడుకో అని చెబుతుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. ఆ సంఖ్యను వైఫై చిప్‌కు తగిలించేదీ, దాని పేరున వచ్చిన సమాచారాన్ని తనదిగా గుర్తుపట్టేదీ, గడువు తీరాక దాన్ని ఊడదీసేదీ ఆపరేటింగ్ సిస్టమ్. ఆండ్రాయిడ్ కానీ, విండోస్ కానీ, లినక్స్, మ్యాక్ ఏదైనా కానీ, ఈ పని తప్పదు. చిరునామా పెట్టడం ఎలాగో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. తీసేటప్పుడు ఏం జరుగుతుందో వివరంగా చెప్పేవి చాలా తక్కువ. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ పనితనం బయటపడేది ఆ తీసేసే దగ్గరే అని నేను గట్టిగా నమ్ముతాను. ఇవాళ ఆ సంగతే ముఖ్యంగా మాట్లాడుకుందాం.

కంప్యూటరుకు చిరునామా ఉంటుందని మాటవరసకు అంటాం కానీ, అసలు చిరునామా ఉండేది ఆ కంప్యూటరు నెట్‌వర్క్‌తో కలిసే చోటుకు. ఆ చోటునే ఇంటర్‌ఫేస్ అంటారు. వైఫై చిప్ ఒక ఇంటర్‌ఫేస్. వైరు గుచ్చే ఈథర్‌నెట్ పోర్టు ఇంకొకటి. ఆఫీసు పనికి వీపీఎన్ వేసుకుంటే, చేత్తో పట్టుకోవడానికి ఏమీ లేని ఇంటర్‌ఫేస్ ఒకటి కేవలం ప్రోగ్రాముగా పుట్టుకొస్తుంది. యంత్రం తనతో తాను మాట్లాడుకోవడానికి లూప్‌బ్యాక్ అనే ఇంటర్‌ఫేస్ ఎప్పుడూ ఉంటుంది. దాని చిరునామా 127.0.0.1. ఒక్కో ఇంటర్‌ఫేస్‌కు ఒకటి కాదు, పది చిరునామాలైనా ఉండవచ్చు.

మొదట్లో ఇలా లేదు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ తన పాత పద్ధతి వదిలేసి, ఇప్పటి ఇంటర్‌నెట్ వాడే టీసీపీ ఐపీకి మారింది. అదే ఏడాది ఆగస్టులో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్‌ను విడుదల చేసింది. ఇంటర్‌ఫేస్‌కు చిరునామా పెట్టే ఇఫ్‌కాన్ఫిగ్ అనే ఆదేశం అందులోనే వచ్చింది. నలభై ఏళ్ళు దాటినా మ్యాక్‌లో, ఫ్రీబీఎస్‌డీలో ఇప్పటికీ ఆ పేరుతోనే అది పనిచేస్తోంది. అప్పటి కంప్యూటర్లు గదిలో ఒక మూల స్థిరంగా ఉండేవి. వాటిని ఎవరూ జేబులో వేసుకుని వీధిలోకి వెళ్ళేవారు కాదు. ఒకసారి పెట్టిన చిరునామా ఏళ్ళ తరబడి అలాగే ఉండేది. అందుకే మొదటి రూపకల్పనలో ఉన్న ఆలోచన ఒక్కటే: ఈ ఇంటర్‌ఫేస్‌కు ఈ చిరునామా పెట్టు. కొత్తది పెడితే పాతది చెరిగిపోతుంది. ఇంకోటి చేర్చు, ఫలానాది మాత్రం తీసెయ్ అనే విడివిడి పనులు తర్వాతి బర్కిలీ వెర్షన్లలో వచ్చాయి. తీసేయడం తర్వాత అతికించిన ఆలోచన కావడం వల్ల, ఆ అతుకు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటుంది.

లినక్స్ కూడా మొదట ఇఫ్‌కాన్ఫిగ్ దారినే నడిచింది. ఒకే కార్డుకు రెండో చిరునామా కావాలంటే, ఆ కార్డు పేరు పక్కన కోలన్ పెట్టి ఒక అంకె తగిలించి, అది వేరే కార్డు అన్నట్టు నటించాల్సి వచ్చేది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. 1999 జనవరిలో వచ్చిన 2.2 కెర్నెల్‌తో ఆ అవస్థ తీరింది. అలెక్సీ కుజ్నెత్సోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ ఈ భాగాన్ని పునాదుల నుంచి తిరగరాయడంలో ప్రధాన పాత్ర వహించాడు. ఇప్పుడు లినక్స్ వాడేవాళ్ళంతా రోజూ కొట్టే ఐపీ అనే రెండక్షరాల ఆదేశం ఆయన చేతి పనే. చిరునామా చేర్చడానికి ఐపీ అడ్రస్ యాడ్, తీయడానికి ఐపీ అడ్రస్ డెల్. వినడానికి రెండూ ఒకే బరువున్న పనుల్లా ఉంటాయి.

చేర్చినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఈథర్‌నెట్ కార్డుకు 192.168.1.10 చేర్చమన్నారనుకోండి, స్లాష్ 24తో. అంటే మొదటి మూడు సంఖ్యలు వీధికి, చివరిది ఇంటికి. కెర్నెల్ ముందు ఆ కార్డు జాబితాలో ఈ చిరునామాను రాసుకుంటుంది. కానీ జాబితాలో రాసుకున్నంత మాత్రాన ఏమీ పనిచేయదు. తర్వాత, 192.168.1.10కి వచ్చినదేదైనా నాదే, బయటికి పంపనక్కర్లేదు అని లోకల్ అనే పట్టికలో ఒక దారి రాస్తుంది. 192.168.1తో మొదలయ్యే మిగతా వాళ్ళంతా ఈ కార్డు వెనకే, నేరుగా అందే దూరంలో ఉన్నారని ప్రధాన పట్టికలో మరో దారి రాస్తుంది. అందరికీ కలిపి చెప్పే బ్రాడ్‌కాస్ట్ చిరునామాకు ఇంకో దారి. ఆ తర్వాత నెట్‌లింక్ అనే మార్గంలో, కొత్త చిరునామా వచ్చిందహో అని వినాలనుకున్న ప్రోగ్రాములన్నిటికీ చాటుతుంది. నెట్‌వర్క్ మేనేజర్ వింటుంది, రూటింగ్ ప్రోగ్రాములు వింటాయి, ఎవరి సర్దుబాటు వాళ్ళు చేసుకుంటారు. మనం కొట్టింది ఒక్క వరుస. లోపల పుట్టినవి నాలుగైదు సంబంధాలు.

ఇక్కడ ఒక ప్రశ్న. ఆ చిరునామా పక్కవాడు ఇప్పటికే వాడుతుంటే? చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల చిరునామాలు నాలుగో తరం ఐపీవి, అక్షరాలు కలిసిన పొడవాటివి ఆరో తరానివి. లినక్స్ కెర్నెల్ నాలుగో తరం ఐపీ విషయంలో ఆ ప్రశ్న అడగదు. పెట్టమన్నారు, పెట్టింది. అడిగి చూసుకోవడం పైనున్న ప్రోగ్రాముల బాధ్యత అని దాని వాదన. విండోస్ అయితే తానే అడుగుతుంది. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. ఎవరో కొత్త ప్రింటరు తెచ్చి, ఖాళీగా ఉందనుకుని ఒక సంఖ్యను చేత్తో కొట్టి పెడతారు. అప్పటిదాకా ఆ సంఖ్య వాడుతున్న అకౌంట్స్ సెక్షన్ కంప్యూటరు రాత్రి ఆపేసి ఉంటుంది. పొద్దున్నే దాన్ని వేయగానే, ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని తెర మూల చిన్న పెట్టె లేస్తుంది. ఆ రోజు వోచర్లు ప్రింటు కావు.

ఈ అడిగే పద్ధతిని 2008 జులైలో ఆపిల్ ఇంజనీరు స్టూవర్ట్ చెషైర్ ఒక ప్రమాణంగా రాశారు. అందులో ఒక సున్నితమైన ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. చిరునామా వాడబోయే యంత్రం, దీన్ని ఎవరైనా వాడుతున్నారా అని ఏఆర్‌పీ అనే పద్ధతిలో మూడుసార్లు, ఒకటి రెండు సెకన్ల ఎడంతో అడుగుతుంది. అలా అడిగేటప్పుడు పంపినవారి చిరునామా అన్న చోట తన కొత్త సంఖ్యను వేసుకోదు, సున్నాలు పెడుతుంది. ఎందుకంటే ఏఆర్‌పీలో వచ్చిన ప్రతి మాటనూ చుట్టుపక్కల యంత్రాలు నమ్మి తమ పట్టికల్లో రాసుకుంటాయి. ఇంకా తనది కాని చిరునామాను తనదిగా ప్రకటించి, ఉన్నవాడి సంభాషణలు చెడగొట్టకూడదు కదా. ఎవరూ పలకకపోతేనే, ఇక ఇది నాది అని రెండుసార్లు చాటుతుంది.

చేత్తో పెట్టే రోజులు ఇప్పుడు సర్వర్లకూ ప్రింటర్లకూ మిగిలాయి. మన ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ చిరునామా తెచ్చేది డీహెచ్‌సీపీ అనే పద్ధతి. దీని తొలి ప్రమాణం 1993 అక్టోబరులో వచ్చింది, 1997 మార్చిలో స్థిరపడింది. రెండూ రాసింది రాల్ఫ్ డ్రోమ్స్. అంతకుముందు 1985 నుంచి బూట్‌పీ అనే పద్ధతి ఉండేది కానీ, అది ఇవ్వడమే తప్ప తీసుకోవడం గురించి ఆలోచించలేదు. డీహెచ్‌సీపీ తెచ్చిన పెద్ద మార్పు లీజు. చిరునామా శాశ్వతంగా నీది కాదు, ఇంత కాలానికి మాత్రమే నీది అని మొదటి రోజే చెప్పడం. 24 గంటల లీజు అనుకోండి. సగం అయ్యాక, అంటే 12 గంటలకు, ఇచ్చిన సర్వరునే మళ్ళీ అడిగి గడువు పెంచుకోవాలి. అది పలకకపోతే 21 గంటలకు ఎవరైనా సరే పెంచండి అని అందరినీ అడగాలి. 24 గంటలు నిండినా ఎవరూ పలకకపోతే ఆ చిరునామాను ఆ క్షణమే వదిలేయాలి. ప్రమాణంలో మెలిక ఏమీ లేదు. గడువు తీరాక దాంతో ఒక్క ప్యాకెట్ కూడా పంపకూడదు.

వదిలేస్తున్నానని సర్వరుకు ముందే చెప్పడానికి రిలీజ్ అనే సందేశం కూడా ఉంది. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్ అని కొడితే పోయేది అదే. కానీ వైఫై అందే మేర దాటి నడిచి వెళ్ళిపోయిన ఫోను ఆ మాట ఎలా చెబుతుంది? చెప్పడానికి దారే లేదు. అందుకే అది వెళ్ళిపోయినా లీజు గడువు తీరేదాకా దాని చిరునామా సర్వరు పుస్తకంలో దాని పేరునే ఉంటుంది. ఒక పెళ్ళి హాల్లో మామూలు రూటరు పెట్టి వైఫై ఇస్తే, స్లాష్ 24 లెక్కన వాడదగ్గవి 254. రూటరుకు ఒకటి పోగా 253. పొద్దున్న ముహూర్తానికి వచ్చిన అతిథులు భోంచేసి వెళ్ళిపోతారు, సాయంత్రం రిసెప్షన్‌కు వేరేవాళ్ళు వస్తారు. లీజు 24 గంటలు ఉంటే, పొద్దున్నే ఇళ్ళకు చేరినవాళ్ళ ఫోన్లు హాల్లో చిరునామాలను పట్టుకునే ఉంటాయి. వచ్చినవాళ్ళకు వైఫై గుర్తు కనిపిస్తుంది కానీ నెట్ రాదు. అలాంటప్పుడు కొన్ని యంత్రాలు 169.254తో మొదలయ్యే చిరునామాను తమకు తామే పెట్టుకుంటాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడైనా ఆ సంఖ్య కనిపిస్తే, నాకు ఎవరూ చిరునామా ఇవ్వలేదని అది చెబుతోందన్నమాట. హాలు వాళ్ళు చేయాల్సిందల్లా లీజును గంటకో రెండు గంటలకో తగ్గించడం.

ఇప్పుడు తీసేయడం దగ్గరికి వద్దాం. అద్దె ఇంట్లో దిగడానికి ఒక పూట చాలు. ఖాళీ చేసేటప్పుడు పాలవాడికి చెప్పాలి, పేపరువాడికి చెప్పాలి, గ్యాసు కనెక్షన్ మార్చుకోవాలి, బ్యాంకులో అడ్రసు మార్చుకోవాలి, అయినా నెల తర్వాత ఏదో ఒక ఉత్తరం ఆ ఇంటికే వస్తుంది. చిరునామా తీసేటప్పుడు కెర్నెల్‌కు ఉండే పనీ అలాంటిదే. చేర్చినప్పుడు రాసిన దారులన్నీ వెతికి తీయాలి. ఆ చిరునామాతో బయలుదేరమని ఎక్కడెక్కడో రాసుకున్న దారులు ఉంటే అవీ తీయాలి. తీసేశానని నెట్‌లింక్‌లో చాటాలి. ఆ చిరునామా మీద నడుస్తున్న సంభాషణల సంగతి తేల్చాలి.

లినక్స్‌లో ఇక్కడే ఒక గుంట ఉంది. చాలామంది సర్వర్ నిర్వాహకులు తెలియక అందులో పడ్డారు. ఒకే వీధిలో ఒకే కార్డుకు మూడు చిరునామాలు చేర్చారనుకోండి. పది, పదకొండు, పన్నెండు. మొదట చేర్చిన పది ప్రైమరీ అవుతుంది, మిగతా రెండూ సెకండరీలు. సెకండరీని తీస్తే అదొక్కటే పోతుంది. కానీ పదిని తీసెయ్ అంటే, పదితో పాటు పదకొండూ పన్నెండూ కూడా పోతాయి. అడగదు, హెచ్చరించదు. పదకొండు మీద ఒక వెబ్‌సైటూ, పన్నెండు మీద మెయిలూ నడుస్తుంటే రెండూ ఒకేసారి మూగబోతాయి. కెర్నెల్ లెక్క ప్రకారం ఇది తప్పు కాదు. సెకండరీలు ప్రైమరీని ఆనుకుని ఉన్నవి, ఆధారం పోతే ఆనుకున్నవీ పోవాలి. మనిషి లెక్క వేరు. నేను ఒక్కటి తీయమన్నాను, ఒక్కటే పోవాలి. ప్రమోట్ సెకండరీస్ అనే ఒక మీట ఉంది. దాన్ని ఒకటి చేస్తే, ప్రైమరీ పోగానే తర్వాతిది దాని స్థానంలోకి వస్తుంది. కెర్నెల్‌లో ఇది పుట్టుకతో సున్నాగానే ఉంటుంది. అయితే లినక్స్ లేవగానే మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీ తన సెట్టింగుల్లో దీన్ని ఒకటి చేసి ఇస్తోంది కాబట్టి, సిస్టమ్‌డీతో నడిచే లినక్స్‌లు వాడేవాళ్ళు ఇప్పుడు ఆ గుంటలో పడటం తగ్గింది. నిజానికి పుట్టుకతోనే ఒకటిగా ఉండాల్సిన మీట అది. ఒకటి తీయమంటే మూడు తీసే పద్ధతిని అలవాటు పేరుతో సమర్థించడం నాకు ఏనాడూ సబబుగా అనిపించలేదు.

ఇంటర్‌ఫేస్‌ను పూర్తిగా ఆపితే ఇంకో చిత్రం. లినక్స్‌లో కార్డును డౌన్ చేస్తే, నాలుగో తరం చిరునామా దానికి అలాగే తగిలి ఉంటుంది, దారులు మాత్రం పోతాయి. మళ్ళీ లేపితే వీధి దారి తిరిగొస్తుంది కానీ, ఇంటర్‌నెట్‌కు వెళ్ళే డిఫాల్ట్ దారి దానంతటది రాదు. ఆరో తరం చిరునామాలైతే డౌన్ చేయగానే చెరిగిపోతాయి. నాలుగో తరం చిరునామా మనిషి రాసింది, కాబట్టి మనిషే తీయాలి. ఆరో తరంది నెట్‌వర్క్ నుంచి నేర్చుకున్నది, లేచాక మళ్ళీ నేర్చుకోవచ్చు. అదీ వెనకున్న ఆలోచన. ఆరో తరం చిరునామాను కూడా చేత్తో పెట్టుకున్నవాళ్ళు మాత్రం దీనివల్ల ఇబ్బంది పడ్డారు. వాళ్ళ కోసం తర్వాత ఒక మీట పెట్టారు.

ఇక అసలు చిక్కు. చిరునామా తీసేసిన క్షణంలో దాని మీద నడుస్తున్న టీసీపీ సంభాషణ, అంటే రెండు యంత్రాల మధ్య తెరిచి ఉన్న కనెక్షన్, ఏమవుతుంది? పోతుందని అనుకుంటాం. లినక్స్‌లో అది పోదు. ప్రోగ్రాముకు ఏమీ తెలియదు, అటువైపు సర్వరుకూ తెలియదు. పంపిన ప్యాకెట్‌కు జవాబు రాదు కాబట్టి కెర్నెల్ మళ్ళీ మళ్ళీ పంపడానికి చూస్తుంది. మధ్య వ్యవధి పెంచుకుంటూ 15 సార్లు. అది మామూలు సెట్టింగు. అన్ని ప్రయత్నాలూ అయ్యేసరికి సుమారు 15 నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా మీ తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంటుంది.

సర్వరు గదిలో ఈ ఓపిక మంచిదే. వైరు కదిలి పది సెకన్లలో మళ్ళీ అతుక్కుంటే, అదే చిరునామా తిరిగొస్తే, సంభాషణ ఆగిన చోటి నుంచి సాగుతుంది. ల్యాప్‌టాప్ మూసి, కాఫీ తాగొచ్చి తెరిస్తే లాగిన్ అలాగే ఉండటానికి కారణం కూడా ఇదే. ఫోనులో ఈ ఓపిక పనికిరాదు. గేటు దాటిన ఫోనుకు ఇంటి వైఫై చిరునామా ఇప్పట్లో తిరిగిరాదు. అందుకే ఆండ్రాయిడ్ తొలి రోజుల నుంచీ తన కెర్నెల్‌లో ఒక సొంత ఏర్పాటు పెట్టుకుంది. ఫలానా చిరునామా పోయింది, దాన్ని పట్టుకున్న సంభాషణలన్నీ తెంచెయ్ అని. తెంచగానే యాప్‌కు తప్పు సందేశం అందుతుంది, అది వెంటనే మొబైల్ డేటా మీద కొత్త సంభాషణ మొదలుపెడుతుంది. 2016 మార్చిలో వచ్చిన లినక్స్ 4.5 కెర్నెల్‌లో ఇలాంటి సదుపాయం అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాన్ని చేర్చింది ఆండ్రాయిడ్ నెట్‌వర్కింగ్‌లో పనిచేసే లొరెంజో కొలిట్టి. తెంచడం మొరటుగా కనిపించవచ్చు. కానీ బతకని దాన్ని బతికుందని 15 నిమిషాలు నమ్మించడం కన్నా, పోయిందని వెంటనే చెప్పడమే వాడేవాళ్ళకు చేసే మేలు.

తీయాల్సింది తీయకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. పెద్ద వెబ్‌సైట్లలో రెండు సర్వర్లు ఒకే చిరునామాను పంచుకుంటాయి. ఒకటి పని చేస్తుంటే రెండోది కనిపెట్టుకుని ఉంటుంది. 1998లో ప్రమాణమైన వీఆర్‌ఆర్‌పీ పద్ధతిలో, పని చేసే సర్వరు సెకనుకోసారి నేను ఉన్నానని చెబుతుంది. మూడు సెకన్లు దాటి కాస్త సేపు ఆ మాట వినబడకపోతే, రెండోది ఆ చిరునామాను తనకు తగిలించుకుని, ఇక ఇది నా దగ్గరుందని చాటుతుంది. మొదటిది నిజంగా ఆగిపోతే గొడవ లేదు. బతికే ఉండి, మధ్యలో వైరు మాత్రమే తెగితే? చిరునామాను అది తీసేయలేదు, రెండోది పెట్టేసుకుంది. ఒకే చిరునామాకు ఇద్దరు యజమానులు. సగం మంది వినియోగదారులు ఒకరి దగ్గరికి, సగం మంది ఇంకొకరి దగ్గరికి పోతారు. రెండు చోట్లా డేటాబేసు రాస్తూ ఉంటే, ఆ రాతలు మళ్ళీ కలపడం ఎవరి తరమూ కాదు.

దూరాన ఉన్న సర్వరులో చిరునామా మార్చడం ఇంకా గడ్డు పని. హైదరాబాదులో కూర్చుని అమెరికాలో ఉన్న యంత్రాలను రాత్రిళ్ళు చూసుకునే మన పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్ళు ఏ చిరునామా ద్వారా లోపలికి వెళ్ళారో, ఆ చిరునామానే తీసెయ్ అని కొడితే, కూర్చున్న కొమ్మను నరుక్కున్నట్టే. ఎంటర్ నొక్కాక తెర కదలదు. అవతల ఎవరో మనిషి లేచి, కీబోర్డు తగిలించి సరిచేసేదాకా దిక్కు లేదు. అందుకే అనుభవజ్ఞులు కొత్త చిరునామా ముందు చేరుస్తారు, దాని మీదుగా ఇంకో లాగిన్ తెరిచి చూస్తారు, డిఫాల్ట్ దారి దాని మీదికి మళ్ళిస్తారు, పాతదాన్ని చిట్టచివర తీస్తారు. ఉబుంటు లినక్స్‌లో నెట్‌ప్లాన్ ట్రై అనే ఆదేశం ఉంది. మార్పు అమలు చేసి, 120 సెకన్లలోగా మీరు సరేననకపోతే పాత స్థితికి తెచ్చేస్తుంది. జునిపర్ రూటర్లలో ఇదే పద్ధతికి పది నిమిషాల గడువు ఉంటుంది. ఇలాంటి వెసులుబాటు ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లో పుట్టుకతోనే ఉండాలి.

ఇవన్నీ చూశాక, ఆరో తరం ఐపీ రాసినవాళ్ళు ఎంత ముందుచూపుతో ఆలోచించారో అర్థమవుతుంది. వాళ్ళు చిరునామాను ఉంది లేదు అనే రెండు ముక్కల్లో చూడలేదు. దానికి ఒక ఆయుష్షు ఇచ్చారు. పుట్టగానే అది తాత్కాలికం. ఇంకెవరైనా వాడుతున్నారా అని అడిగి, సెకను పాటు చూసి, ఎవరూ పలకకపోతే చెల్లుబాటు అవుతుంది. ఈ అడగడాన్ని ఇక్కడ లినక్స్ కెర్నెల్ కూడా తానే చేస్తుంది. ఆ తర్వాత ఒక గడువు దాటితే చిరునామా విశ్రాంత దశలోకి వెళుతుంది. అంటే కొత్త సంభాషణలు దానితో మొదలుపెట్టరు. నడుస్తున్నవి మాత్రం దాని మీదే సాగనిస్తారు. రెండో గడువు కూడా దాటాక దాన్ని తీసేస్తారు. ఉన్నపళంగా ఊడబెరకడం లేదు, చచ్చినదాన్ని పట్టుకుని వేలాడటమూ లేదు. మొదట్లో చూసిన పొడవాటి చిరునామాలు రెండు మూడు ఉండటానికి ఇదొక కారణం. మీరు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో వెబ్‌సైట్లు గుర్తుపట్టకుండా ఫోన్లు తమకు తాము తాత్కాలిక చిరునామాలు తయారు చేసుకుంటాయి. మామూలుగా ఒక రోజయ్యాక పాతది విశ్రాంతిలోకి పోయి కొత్తది వస్తుంది. 2016 సెప్టెంబరులో జియో ఆరో తరం ఐపీతోనే మొబైల్ సేవలు మొదలుపెట్టాక, మన దేశం దీని వాడకంలో ప్రపంచంలో ముందు వరుసకు వచ్చింది. కాబట్టి ఈ ఆయుష్షుల లెక్క మన ఊళ్ళలోని ఫోన్లలో రోజూ నడుస్తోంది.

ఇంత చక్కని ఏర్పాటుకూ ఒక లోటు మిగిలింది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది, కరెంటు పోయి వచ్చింది, రూటరు మళ్ళీ లేచింది. ఈసారి కంపెనీ దానికి వేరే చిరునామాల వరుస ఇచ్చింది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి అది ఆగలేదు, పాత వరుస చిరునామాలు దానికి అలాగే తగిలి ఉన్నాయి. పాత ప్రమాణం ప్రకారం వాటి గడువులు ఏడు రోజులు, ముప్పై రోజులు. పాత చిరునామాతో బయలుదేరిన మాటకు జవాబు తిరిగిరాదు. కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తెరుచుకోవు, తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. రూటరు వచ్చి ఆ పాతవి చెల్లవు అని చెబితే సరిపోదా అనవచ్చు. చెబితే కొత్త సంభాషణలకు వాటిని వాడటం ఆగుతుంది. పూర్తిగా తీసేయడానికి మాత్రం రెండు గంటలు ఆగాలనే నియమం ఉంది. ఎవడో దొంగ ప్రకటనలు పంపి అందరి చిరునామాలూ ఒక్క దెబ్బతో ఊడగొట్టకుండా ఆ రెండు గంటలు పెట్టారు. అసలు చిక్కు ఏమిటంటే, కరెంటు పోయి లేచిన రూటరుకు తాను ఇంతకుముందు ఏ వరుస ఇచ్చిందో గుర్తే ఉండదు. గుర్తులేని దాన్ని చెల్లదని ఎలా చెబుతుంది?

2021లో ఇంటర్‌నెట్ ప్రమాణాల సంస్థ ఈ సమస్యను వివరిస్తూ ఒక పత్రం, ఆ ఏడాదే ఇళ్ళలోని రూటర్లకు సూచనలతో మరో పత్రం వెలువరించింది. రూటరు తాను ఇచ్చిన వరుసను కరెంటు పోయినా చెరగని చోట రాసుకోవాలి. లేచాక వరుస మారిందని తెలిస్తే, పాతది ఇక వాడొద్దని తానే ప్రకటించాలి. గడువులను కూడా రోజుల నుంచి దించి, 45 నిమిషాలు, 90 నిమిషాలు చేయాలి. మీ ఇంటి రూటరు సాఫ్ట్‌వేర్ ఆ సూచనలు వచ్చాక తయారైందో లేదో దాన్ని ఇచ్చినవాళ్ళను అడగండి. పాతదైతే అప్‌డేట్ చేయించుకోండి. ఈలోగా కరెంటు పోయి వచ్చాక కొన్ని సైట్లు తెరుచుకోకుండా మొరాయిస్తే, రూటరు జోలికి పోనక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్‌లోనే వైఫై ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. పాత చిరునామాలన్నీ తీసేసి, రూటరును అడిగి కొత్తవి పెట్టుకుంటుంది.